అరటిపండు ముక్క, గినీ పిగ్ పొట్ట

శనివారం గోవిందరాజస్వామి గుడికి వెళ్లొచ్చిన మా అవ్వ, కొంగున ముడేసి తెచ్చిన అరటిపండు వలిచి సగం తను తినేది, సగం మా గినీ పిగ్ చిట్టికి పెట్టేది. పండు వాసన తగిలితే చాలు, చిట్టి ముందుకాళ్లు బోను కమ్మీల మీద ఆనించి వీక్, వీక్‌మని ఇల్లు లేచిపోయేలా అరిచేది. "స్వామి ప్రసాదం, నోరులేని జీవికి పెడితే పుణ్యమే గదరా" అనేది అవ్వ. మూడో వారమో నాలుగో వారమో, ఆదివారం పొద్దున్నే బోను శుభ్రం చేద్దామని చూస్తే, గట్టిగా, పొడిగా, పొడుగు గింజల్లా ఉండాల్సిన పెంటికలు ముద్దముద్దగా దాని వెనక బొచ్చుకు అంటుకుని ఉన్నాయి. చిట్టి మూలన నక్కి కూర్చుంది. గడ్డి ముట్టలేదు. పిలిస్తే పలకలేదు.

అవ్వను తప్పుపట్టడానికి లేదు. దాన్ని కొన్న అంగట్లో మాకు చెప్పిందీ అదే: "యాపిల్, క్యారెట్, అరటిపండు, ఏది పెట్టినా తింటుంది సార్." ఫోన్ తెరిస్తే ఒకాయన రోజూ పండ్లు పెట్టాల్సిందే, లేకపోతే విటమిన్ సి అందక జబ్బు పడుతుందంటాడు. ఇంకొకామె పండు జోలికే పోవద్దు, ప్రాణానికే ముప్పంటుంది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, అదే మన చిక్కు. విటమిన్ సి లెక్క ఒకటి, చక్కెర లెక్క ఒకటి. ఈ రెంటినీ కలిపి "పండు మంచిదా, చెడ్డదా" అని అడిగితే ఎవరు మాత్రం సరైన జవాబు చెప్పగలరు?

ముందు విటమిన్ సి సంగతి. ఆవు, కుక్క, కుందేలు తమకు కావాల్సిన విటమిన్ సిని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. మనం చేసుకోలేం, గినీ పిగ్ కూడా చేసుకోలేదు. అందుకు కావాల్సిన ఒక ఎంజైమ్ మనలాగే దానికీ లేదు. ఈ సంగతి బయటపడిన తీరు కూడా తెలుసుకోదగ్గది. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిష్ అనే ఇద్దరు పరిశోధకులు బెరిబెరి జబ్బును అర్థం చేసుకోవాలని గినీ పిగ్‌లకు ఉత్త ధాన్యపు మేత పెట్టారు. బెరిబెరి రాలేదు కానీ, ఓడల మీద నావికులను చంపిన స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు, వచ్చింది. తాజా కూరలు, నిమ్మరసం ఇస్తే తగ్గింది. విటమిన్ సి ఆచూకీ దొరకడానికి ఈ చిన్న జంతువే దారి చూపింది. ఇవాళ కొన్ని అంగళ్లలో గినీ పిగ్ మేత అని అమ్మే గింజల మిశ్రమాన్ని చూసినప్పుడల్లా నాకు ఆ 1907 ప్రయోగమే గుర్తొస్తుంది. ఒక్క గింజల మీదే పెంచితే రెండు మూడు వారాల్లో కీళ్లు వాచి నడవడానికి జంకుతుంది, బొచ్చు గరుకెక్కుతుంది, చిగుళ్ల నుంచి రక్తమొస్తుంది.

కిలో బరువుకు రోజుకు 10 నుంచి 30 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలి. మామూలు ఆరోగ్యంతో ఉన్నదానికి అందులో కింది అంకె దాటితే సరిపోతుంది. చూలుతో ఉన్నదానికి, జబ్బు పడ్డదానికి పై అంకె దగ్గరికి పోవాలి. ఒంట్లో నిల్వ ఉండదు కాబట్టి వారానికి సరిపడా ఒకేరోజు పెడతానంటే కుదరదు. నీళ్లలో కలిపే విటమిన్ చుక్కలు దండగ. వెలుతురికీ వేడికీ అవి గంటల్లోనే నీరసిస్తాయి, పైగా నీళ్ల రుచి మారి అది తాగడం తగ్గిస్తుంది. పెల్లెట్లలో, అంటే అచ్చుపోసి అమ్మే మేత బిళ్లల్లో, సి కలిపామని ప్యాకెట్ మీద రాసినా, తయారైన మూడు నెలలకు అందులో సగం దాకా పోవచ్చు. మన ఎండలకు ఇంకా ముందే పోతుంది.

ఇప్పుడు పొట్ట సంగతి. గినీ పిగ్ ఆండీస్ కొండల నుంచి వచ్చిన గడ్డిమేసే జీవి. దాని పేగుల చివర్లో సీకమ్ అనే పెద్ద సంచి ఉంటుంది. పొట్టలో ఉండే మేతలో సగానికి పైగా ఆ సంచిలోనే ఉంటుంది. మన ఇంట్లో దోసెల పిండి పులిసినట్టే, అందులో గడ్డి పీచు సూక్ష్మజీవుల చేతిలో నిదానంగా పులిసి శక్తిగా మారుతుంది. మంచి పిండి పులవాలంటే ఏది ఎంత వేయాలో ఆడవాళ్లకు కొలత తెలుసు. ఒకటి ఎక్కువైతే పిండి పొంగి పోతుంది. సీకమ్‌లోకి చక్కెర ఎక్కువగా చేరినా అంతే. పీచు మీద బతికే మంచి సూక్ష్మజీవులు వెనకబడి, చక్కెర మీద పెరిగే చెడ్డవి విజృంభిస్తాయి, గ్యాస్ పడుతుంది, విరేచనం మొదలవుతుంది. మనమైతే పొట్ట బాగలేకపోతే వాంతి చేసుకుంటాం. గినీ పిగ్‌కి ఆ దారి లేదు. లోపలికి పోయింది ఆ పేగుల్లోంచే పోవాలి.

ఇంకో సంగతి దంతాలు. గినీ పిగ్‌కి 20 పళ్లు, అన్నీ బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. గడ్డిని గంటలకొద్దీ నమిలితేనే అవి అరుగుతాయి. పండుతో పొట్ట నిండితే గడ్డి తగ్గుతుంది, గడ్డి తగ్గితే పళ్లు పెరిగి నాలుకకూ బుగ్గకూ గుచ్చుకుంటాయి, అప్పుడు తినాలన్నా తినలేదు. పండు తిన్న దోషం పళ్లలో ఇంత ఆలస్యంగా బయటపడుతుంది కాబట్టే "ఇన్నాళ్లూ పెట్టాం, ఏమీ కాలేదే" అనే మాట వింటుంటాం.

పరిమాణం దగ్గరే అందరం మోసపోతాం. చిట్టి బరువు 900 గ్రాములు. అవ్వ పెట్టిన సగం పండు, చిన్న రకమే అయినా, 35 గ్రాముల దాకా ఉంటుంది. 60 కిలోల మనిషి లెక్కలో చెప్పాలంటే, ఒక్కసారి కూర్చుని రెండు కిలోల పైచిలుకు అరటిపండ్లు తిన్నట్టు. బొటనవేలి గోరంత ముక్క, అంటే 5 గ్రాములు, మన కంటికి ఏమీ కాదనిపిస్తుంది. అదే మనిషికైతే మూడు నాలుగు పండ్లతో సమానం. అందుకే నేను మాటిమాటికీ చెప్పేది: ఒక చిన్న వంటింటి త్రాసు కొనుక్కోండి. పండు ముక్క తూచడానికీ అదే, వారానికోసారి గినీ పిగ్‌ను గిన్నెలో కూర్చోబెట్టి తూచడానికీ అదే. బరువు వారంలో యాభై గ్రాములకు మించి పడిపోతే, కంటికి ఇంకా ఏ జబ్బూ కనపడకపోయినా లోపల ఏదో జరుగుతున్నట్టే.

ఇప్పుడు రెండు లెక్కల్నీ పక్కపక్కన పెడదాం. పది మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలంటే ఏ పండు ఎంత పెట్టాలి? జామకాయ అయితే 5 గ్రాములు చాలు, దాంతో వచ్చే చక్కెర అర గ్రాము లోపే. బొప్పాయి అయితే 16 గ్రాములు. మామిడి అయితే 28. అరటి అయితే 115 గ్రాములు, అంటే పెద్ద పండు ఒకటి. యాపిల్ అయితే 200 గ్రాముల పైనే పెట్టాలి, దాంతో 20 గ్రాములకు తక్కువ కాని చక్కెర లోపలికి పోతుంది. ద్రాక్ష అయితే 300 గ్రాములు. రోగిని చూడ్డానికి పోతే యాపిల్ పట్టుకుపోయే మనకు, యాపిల్‌లో విటమిన్ సి దాదాపు లేదన్న మాట మింగుడుపడదు. కానీ 100 గ్రాముల యాపిల్‌లో ఉండేది నాలుగైదు మిల్లీగ్రాములే. మన బండి మీద పది రూపాయలకు దొరికే జామకాయలో 200 మిల్లీగ్రాముల పైన ఉంటుంది.

ఈ లెక్కలోకి కాప్సికం వస్తే కథ మారిపోతుంది. కాప్సికం వృక్షశాస్త్రం ప్రకారం పండే అయినా మనకు కూరగాయ. పచ్చ కాప్సికం 13 గ్రాములు పెడితే పది మిల్లీగ్రాములు వచ్చేస్తుంది, చక్కెర మూడో వంతు గ్రాము. ఎర్రది, పసుపుది అయితే ఇంకా ఎక్కువ. మా ఇంట్లో రోజూ పొద్దున ఒక కాప్సికం చక్రం కోసి గింజలు దులిపి పెడతాం, విటమిన్ సి బాధ్యత దానిదే. కొత్తిమీర కూడా పెడతాం. కానీ కొత్తిమీర మీద భారమంతా వేయొద్దు, గుప్పెడు ఆకులో నాలుగైదు మిల్లీగ్రాములకు మించి ఉండదు. అంటే పండుకు మిగిలిన పని ప్రేమగా పెట్టే ముద్ద మాత్రమే. వారానికి రెండుసార్లు, గోరంత. ఆ మాట ఇంట్లో అందరికీ తెలిసిననాడు గొడవే ఉండదు.

జామ సంగతి చెప్పాను కాబట్టి దాన్ని ఎలా కోయాలో కూడా చెబుతాను. కడిగి, తొక్కతో సహా పై కండ పలచగా తీయండి. గింజల గుజ్జు మీరు తినేయండి. మరీ పండింది వద్దు, దోరకాయ మేలు. కోసిన ముక్కలో విటమిన్ సి గాలికి పోతూ ఉంటుంది కాబట్టి పెట్టే ముందే కోయాలి. ఉసిరి జామకు తీసిపోదు, కానీ వగరూ పులుపూ నచ్చక చాలావరకు ముట్టవు. నచ్చితే సన్నని తునక పెట్టొచ్చు. చక్కెర పాకంలో ఊరేసింది మాత్రం ముట్టనివ్వొద్దు.

మామిడి దగ్గర చిత్తూరోళ్లకు ఉగ్గబట్టుకోవడం కష్టం. మే, జూన్ వచ్చిందంటే దామలచెరువు మండీల నుంచి లారీలు, దారంతా ఆ వాసన, ఇంట్లో బుట్టలకొద్దీ బేనీషాలు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే తోతాపురి. ఇంత ఉన్నప్పుడు దానికి మాత్రం లేదా అనిపిస్తుంది. పెట్టండి, గోరంత. తొక్క తీసేయండి, ఆ తొక్కలో, కాయ తొడిమ దగ్గరి సొనలో నోటిని కాల్చే గుణం ఉంటుంది. మనకే మూతి పొక్కుతుంది కదా. టెంక దగ్గరి నార కూడా వద్దు. తోతాపురి పచ్చికాయ పులుపు నోటి అంచున పుండ్లు చేస్తుంది. ఇంకో జాగ్రత్త ఉంది. కార్బైడ్‌తో పండించడాన్ని మన దేశంలో నిషేధించారు, అయినా తొక్క మీద బూడిదరంగు పొడి కనిపించే పండ్లు దొరుకుతూనే ఉన్నాయి. తోట పండు దొరికితే తప్ప మేం పెట్టం.

చీనీ, కమలా, నిమ్మ జాతి పండ్లలో సి బాగానే ఉన్నా పులుపే చిక్కు. పెదాల మూలల్లో పగుళ్లు, పొక్కులు వస్తే ఆపేయాలి. తొన తొక్క వలిచి, గింజ తీసి, సగం తొనకు మించకుండా. నిమ్మకాయ అసలొద్దు. మదనపల్లె టమాటా ఎర్రగా పండిందైతే ఒక చిన్న ముక్క పర్వాలేదు, చక్కెర తక్కువ. కానీ పచ్చికాయ, తొడిమ, ఆకు విషమే. వంటింట్లో టమాటా తరిగేటప్పుడు తొడిమలు కింద పడతాయి, గినీ పిగ్‌లు ఇంట్లో తిరిగే వేళ అయితే వెంటనే ఏరేయాలి.

సీతాఫలం పెట్టకండి. ఆగస్టు, సెప్టెంబరులో తట్టల్లో వచ్చే ఆ పండు మనకు ఎంత ఇష్టమైనా, ఆ గింజల్లో విషం ఉంది, వాటిని నూరి పేల మందుగా వాడేవాళ్లు, కంట్లో పడితే చూపుకే దెబ్బ. గుజ్జులోంచి ఒక్క గింజ కూడా రాకుండా తీయగలమా? పైగా గుజ్జంతా చక్కెరే. సపోటా, పనస కూడా అదే కారణంతో వద్దనుకోవచ్చు. బటర్ ఫ్రూట్ అని దొరికే అవకాడో పూర్తిగా నిషేధం, దానిలో గుండెను దెబ్బతీసే పదార్థం ఉంది. యాపిల్ పెట్టేదుంటే గింజలు తీసేయాలి, వాటిలో సయనైడ్‌గా మారే పదార్థం ఉంటుంది. ద్రాక్ష కుక్కలకు విషం అన్న మాట విని కొందరు గినీ పిగ్‌కీ అది విషమనుకుంటారు. ఆ హెచ్చరిక కుక్కలదే. ఇక్కడ భయపడాల్సింది చక్కెర గురించి. ఒక పండు నాలుగు ముక్కలు చేస్తే ఒక ముక్క చాలు. కానీ ఎండుద్రాక్ష, ఖర్జూరం, లడ్డూలో తగిలే జీడిపప్పు, కొబ్బరి చిప్ప, బెల్లం ముక్క, ఇవేవీ వద్దు. ప్రసాదం ఇంట్లో ఉంటే బోను పక్కన పెట్టకండి.

ఎండాకాలం మాట వేరుగా చెప్పాలి. తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజుల్లో, చల్లబడుతుందని పుచ్చకాయ ముక్కలు వేస్తారు. గినీ పిగ్ 27 డిగ్రీలు దాటగానే ఇబ్బంది పడుతుంది, దాన్ని చల్లబరిచేది పండు కాదు, చోటు. బోనును తడి గోనెపట్టా పక్కన, గాలి తగిలే నేల మీద ఉంచి, గుడ్డ చుట్టిన మంచు బాటిల్ ఒకటి లోపల పెట్టాలి. నీళ్లు ఎక్కువగా ఉండే మేత కావాలంటే కీరా ముక్క. పుచ్చకాయ ఎర్ర గుజ్జు కంటే ఎర్రదనం తీసేసిన తెల్లభాగం మేలు, అదీ కొంచెమే, ఎక్కువైతే పెంటికలు పలచబడతాయి. తినకుండా వదిలిన పండు ముక్క మన ఎండలో రెండు గంటల్లో పులుస్తుంది. ఈగలు వాలుతాయి, వెనక బొచ్చు తడిగా ఉంటే అక్కడ గుడ్లు పెడతాయి. కాబట్టి పెట్టిన గంటకు తిరిగి చూసి, మిగిలింది తీసేయాలి.

అసలు కడుపు నింపేది గడ్డే. తిమోతి గడ్డి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఖరీదు. మన చేతిలో ఉన్నది గరిక. వినాయకుడికి ఇష్టమైన ఆ గరికే దీనికీ ఇష్టం. కాణిపాకంలో గుడి ముందు కట్టలు కట్టి అమ్మే గరిక చూసినప్పుడల్లా నేను చిట్టి కోసం రెండు కట్టలు తెస్తాను. కడిగి, నీడన ఆరబెట్టి వేయాలి. రోడ్డు పక్కన కుక్కలు తిరిగే చోటుది, పురుగుల మందు కొట్టిన పొలం గట్టుది వద్దు. వరిగడ్డిలో సత్తువ తక్కువ, దుమ్ము ఎక్కువ, పడకకు పనికొస్తుంది, మేతకు కాదు. ఆవులకేసే చెనక్కట్టె, అంటే వేరుశనగ తీగ, పప్పుజాతి మేత, కాల్షియం ఎక్కువ, పైగా బూజు పట్టే గుణం ఉంది. కాల్షియం ఎక్కువైతే గినీ పిగ్‌కి మూత్రాశయంలో రాళ్లు తయారవుతాయి. ఆ కారణంతోనే, మన దగ్గర విటమిన్ల గని అనే మునగాకు కూడా వారానికోసారి రెండు రెమ్మలకు మించొద్దు. మునగాకు ఒంటికి మంచిదన్న మాటలో తప్పు లేదు, అది మనిషి ఒంటికి.

కొత్త పండు ఏదైనా మొదటిసారి పెట్టేటప్పుడు సగం గోరంత పెట్టి ఒక రోజు ఆగండి. పెంటికలు మునుపటిలా గట్టిగా, గోధుమ రంగులో ఉంటే మళ్లీ పెట్టొచ్చు. మెత్తబడితే అన్ని పండ్లూ, పచ్చికూరలూ ఆపి ఒకటి రెండు రోజులు గడ్డి, నీళ్లే. రెండు జంతువులు ఉంటే ముక్కలు విడివిడిగా, దూరదూరంగా పెట్టాలి. మాకు చిట్టికి తోడుగా తెచ్చిన మల్లి ఉంది. ఒకే చోట పెడితే మల్లి వాటా కూడా చిట్టే లాక్కుంటుంది, ఎవరికెంత పోయిందో లెక్కే దొరకదు. గినీ పిగ్ పిల్లలకు, ఒళ్లు చేసినవాటికి పండు మానేయడమే మంచిది.

ఇక విరేచనం నీళ్లలా వచ్చినా, అర రోజు పైగా గడ్డి ముట్టకపోయినా, పొట్ట ఉబ్బినా, ఇంటి వైద్యం వద్దు. తినకుండా ఉంటే వీటికి పేగులు పనిచేయడమే మానేస్తాయి, రేపు చూద్దాం అనుకోవడానికి టైం ఉండదు. తిరుపతి అంటే 1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు, 2005లో వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కూడా ఇక్కడే ఏర్పడింది. పెంపుడు కుక్కలకు వైద్యం చేసే డాక్టర్లూ ఊళ్లో ఉన్నారు. వెళ్లగానే ఇది గినీ పిగ్ అని మొదటి మాటగా చెప్పండి. ఎందుకంటే మనుషులకూ కుక్కలకూ నోటి ద్వారా ఇచ్చే అమాక్సిసిలిన్, ఆంపిసిలిన్ లాంటి పెన్సిలిన్ జాతి మందులు, క్లిండామైసిన్ గినీ పిగ్ సీకమ్‌లోని మంచి సూక్ష్మజీవుల్ని తుడిచిపెట్టేసి ప్రాణం తీస్తాయి. మనిషికి మిగిలిన మాత్రను సగం చేసి పొడికొట్టి ఇవ్వడం ఎంత ప్రమాదమో ఇందులోనే తెలుస్తుంది. వెళ్లేటప్పుడు రెండు పట్టుకుపోండి: తాజా పెంటికలు ఒక చిన్న కవరులో, గత రెండు రోజుల్లో దానికి ఎవరెవరు ఏమేం పెట్టారో ఒక కాగితం మీద. ఆ కాగితం రాసేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లనూ పిల్లల్నీ తిట్టకుండా అడగండి. మా అవ్వ ఆ ఆదివారం మొదట "నేనేం పెట్టలేదు" అనింది. కాసేపయ్యాక చెంగుతో కళ్లు తుడుచుకుని, వారం మధ్యలో కూడా రెండుసార్లు పండు పెట్టానని చెప్పింది. చిట్టికి ఏం జరిగిందో డాక్టరుకు అర్థమైంది ఆ మాటతోనే.